అందరి తాళంచెవులూ నా జేబులో

మొయినాబాద్ నుంచి ముడిమ్యాల దాకా భూమి కింద ఒక దారి తవ్వించాను నేను. పైన బస్సులు తిరుగుతుంటాయి, ఆటోలు తిరుగుతుంటాయి, ఎవరికీ తెలియదు. ఆ దారిలో మా పూల కంపెనీ ఆర్డర్లన్నీ రోజూ పోయి వస్తుంటాయి. దొంగ అనేవాడు పక్కనే నిలబడినా వాటిని చూడలేడు.

సరే, కొంచెం తగ్గిస్తాను. తవ్వడం ఏమీ జరగలేదు. చేవెళ్ల నుంచి నెట్ పనిచేసే ఒకాయన వచ్చి మా ఆఫీసు గోడకు అరచెయ్యంత డబ్బా బిగించాడు. ఆయన ఎక్కిన స్టూలు కదలకుండా పట్టుకున్నది నేను. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి కాబట్టి అదీ చిన్న పనేం కాదు.

మా కంపెనీ అంటున్నాను గాని అది నాది కాదు, నా స్నేహితుడి కొడుకుది. మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దానికి ఆనుకొని ఒక్క గది ఆఫీసు. చుట్టుపక్కల రైతుల దగ్గర గులాబీలు, జర్బెరాలు, చామంతులు తీసుకొని, నగరంలో పెళ్లి మంటపాలు అలంకరించేవాళ్లకు పంపుతారు. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇంట్లో కూర్చుంటే మా ఇంటామె ఏదో ఒక పని చెప్తుందని పొద్దున్నే ఆ షెడ్డుకు చేరతాను. అక్కడ నన్ను సలహాదారుగా పెట్టుకున్నారని ఊళ్లో చెప్పుకుంటాను. నిజానికి చాయ్ తాగి పేపర్ చదువుతాను, చదివింది అడగకపోయినా అందరికీ చెప్తాను.

ఆఫీసును నిజంగా నడిపేది ముడిమ్యాల నుంచి వచ్చే ఒకామె. ఎవరికి ఏ పూలు కావాలో కంప్యూటర్లో ఎక్కించడం, ఏ బండి ఏ ఫంక్షన్ హాలుకు పోవాలో తేల్చడం, తెల్లారేసరికి ఆ కాగితాలు ప్రింటు తీసి షెడ్డులోకి పంపడం, అన్నీ ఆమెవే. ఆ వానాకాలం వాళ్లమ్మ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది గాని మంచం మీది నుంచి లేవాలంటే మనిషి పట్టుకోవాలి. ఈమె భర్త స్కూలు బస్సు నడుపుతాడు, పిల్లలు బడికి పోతారు. పగలు ఆ ముసలామె దగ్గర ఉండడానికి ఈమె తప్ప ఎవరూ లేరు. కొన్నాళ్లు సెలవు పెట్టింది. ఆ తర్వాత మా యజమాని నన్ను పక్కకు పిలిచాడు.

“మంచి మనిషే బాపు, కాదంటలేను. కాని ముహూర్తాలు ముందటికొచ్చినయి. కుర్చీల మనిషి లేకుంటే నేనేం చెయ్యాలె?”

“ఇంటికాడికెల్లి చేస్తనంటున్నది గద పటేలా.”

“ఇంటికాడ కూసోని పూలెట్ల పంపుతది?”

“పూలు ఇప్పుడు మాత్రం ఆమె మోస్తున్నదా? ఏ బండి ఏడికి పోవాలెనో చెప్తది. ఆ చెప్పేదేదో ఆడికెల్లే చెప్తది.”

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. అంతకుముందు ఒకసారి ఎవరో చెప్తే విని, బయటి నుంచి కంప్యూటర్ను తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టుకున్నారు. ఒక పాస్‌వర్డ్, అందరికీ అదే. షెడ్డు తాళంచెవి గుమ్మం పక్క మేకుకు వేలాడినట్టే ఆ పాస్‌వర్డ్ కూడా స్క్రీను అంచుకు కాగితం మీద వేలాడేది. ఒక రోజు నేను పేపర్ చదువుతుంటే, టేబుల్ దగ్గర ఎవరూ లేకుండానే స్క్రీను మీద బాణం గుర్తు కదిలింది. మెల్లగా పోయి ఒక ఫైలు తెరిచింది. నేను వెంటనే దూకి వైరు పీకి కంపెనీని కాపాడాను.

అంటే, అరిచాను. వైరు పీకింది యజమాని. నేను అప్పటికి కుర్చీ వెనక ఉన్నాను.

ఎవరు తెరిచారో, ఏం చూశారో తేలలేదు. మన రేట్లు, మన పార్టీల పేర్లు బయట ఎవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందోనని ఆయనకు అప్పటి నుంచి బెంగ. అందుకే ఇంటి నుంచి అనేసరికి తల అడ్డంగా ఊపేవాడు. నేనే పట్టుబట్టి చేవెళ్ల నెట్ ఆయనను పిలిపించాను. యజమాని చివరికి ఒప్పుకున్నాడు గాని షరతు పెట్టాడు.

“ఒక్క పెద్ద ముహూర్తం చూస్త బాపు. ఆ రోజు బండ్లు టైముకు కదిలితే ఆమెనే ఉంటది. కదలకుంటే శంకర్‌పల్లికెల్లి ఒకామె వస్తనంటున్నది, ఆమెను పెట్టుకుంట. మళ్ల నన్ను అడగొద్దు.”

నేను ఫోన్ చేసి ఈ మాట చెప్తే ముడిమ్యాల ఆమె, “ఒక్క మోకా ఇచ్చిండు గద బాపు, చాలు. ఆ నెట్టు మంచిగ పెట్టియ్యుండ్రి,” అంది.

నెట్ ఆయన వచ్చిన రోజు నేను ఆయనను వదల్లేదు. నా ఉద్యోగమంతా తీగలతో గడిచింది. తీగ ఉంటే ఎటు నుంచి ఎటు పోతుందో చేత్తో పట్టుకొని చూపించగలను. ఇది తీగలో పోతుందా, గాలిలో పోతుందా, ఎక్కడ వంపు తిరుగుతుంది? స్టూలు పట్టుకొనే అడిగాను.

“దీన్ని వీపీఎన్ అంటరు బాపు,” అన్నాడాయన. “నీకు పొలం ఉన్నదా?”

“ఉండె. ఎకరాలకు ఎకరాలు.” ఆయన నా వైపు చూశాడు. “అరెకరం,” అన్నాను.

“మంచిది. నీ బోరు ఒకచోట, నీ మడి ఒకచోట. నడుమ పక్కాయన పొలం. నువ్వేం చేస్తవ్?”

“ఆయన్ను అడిగి భూమిల పైపేస్త.”

“గదే. పొలం ఆయనదే, పైపు నీది. పైకెల్లి ఎవలు నడిచినా లోపల ఎన్ని నీళ్లు పోతున్నయో తెల్వదు. ఇంటర్నెట్టు అందరి పొలం. అండ్ల మనం మన పైపు ఏసుకుంటున్నం. ఈ కొసకు ఒక తాళం, ముడిమ్యాల కొసకు ఒక తాళం.”

“మరి ఆ పైపు చేవెళ్ల మీదికెల్లే పోతదా?”

“చెప్పలేం. బొంబాయి దాక పోయి మలిగి రావచ్చు.”

బస్సెక్కి, చేవెళ్లలో దిగి, ఆటో పట్టుకుంటే చేరే ఊరు ముడిమ్యాల. “ముడిమ్యాల ముచ్చట మొయినాబాద్‌కు రానీకె బొంబాయి ఎందుకు పోతది?”

“దానికి టికెట్ లేదు గద బాపు,” అన్నాడు స్క్రూ బిగిస్తూ.

ఆ తర్వాత అసలు కట్టుబాట్లు చెప్పాడు. ఇకమీద అందరికీ ఒక పాస్‌వర్డ్ కుదరదు. ఎవరి పేరు వాళ్లది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది. అది కొట్టాక కూడా తలుపు తెరుచుకోదు. ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది, అదీ కొడితేనే. పాస్‌వర్డ్ ఎవడైనా కనిపెట్టినా ఫోన్ చేతిలో లేకపోతే వాడు బయటే ఉంటాడు. “ఇగ ఎవరి ఫోన్ నంబర్లు వాళ్లు చెప్పుండ్రి,” అన్నాడు.

ముందు బండ్లు చూసుకునే డ్రైవర్ చెప్పాడు. “బాపు నంబర్ రాయన్న.”

“నీది చెప్పు.”

“నా సిమ్ముకు రీచార్జ్ ఉన్నప్పుడు ఉంటది, లేనప్పుడు లేదు. బాపుది ఎప్పటికి మోగుతది.”

ముడిమ్యాల ఆమెకు ఫోన్ చేసి అడిగితే ఆమె కూడా నా నంబరే చెప్పింది. వాళ్లింట్లో ఆమె ఫోన్ పిల్లల చేతుల్లోనే ఎక్కువ ఉంటుందట. ఊళ్లో ఏ మీటింగైనా మైకు పట్టే మా యజమాని అయితే, “నా ఫోన్లకు పొద్దుందాక మీటింగు మెసేజులే. అండ్ల గిది ఏడ దేవులాడాలె? బాపుదే రాయి,” అన్నాడు.

నెట్ ఆయన చేతులు దించాడు. “అందరిది ఒక్కటే ఫోనైతే తాళం పెట్టి ఏం లాభం సార్?”

“బాపు మా ఇంటి మనిషే. నువ్వు ఫికర్ చెయ్యకు.”

బయటివాళ్లకు ఇది వింతగా ఉండవచ్చు. మా వైపు ఇది అలవాటు. గ్యాసు బండకు నా నంబరు, కొరియర్‌కు నా నంబరు, మా గల్లీలో సగం ఇళ్ల కరెంటు మెసేజులు నాకే వస్తాయి. నా మీద జనానికి అంత నమ్మకం అని నేను చెప్పుకుంటాను. అసలు కారణం ఏమిటంటే, ఫోన్ మోగగానే ఎత్తేంత తీరిక ఇంకెవరికీ లేదు.

“సరే బాపు, ఒక్కటి యాదుంచుకో,” అన్నాడు నెట్ ఆయన పోతూ పోతూ. “నంబరు ఎవరు అడుగుతున్నరో పక్కా తెల్వకుంటే చెప్పొద్దు.”

ఆ మాట నాకు భలే నచ్చింది. ఇంటికి పోయి మా ఇంటామెకు చెప్పాను. ఆ మాటే చెప్పలేదు, దానికి ఇంకొంచెం చేర్చాను. ఇకనుంచి కంపెనీ తాళంచెవులన్నీ నా జేబులో ఉంటాయనీ, ఒక్క నంబరు బయటికి పొక్కితే కంపెనీ మునుగుతుందనీ, దేశమంతా దొంగలు దాని కోసమే కాచుకొని ఉన్నారనీ, నా గొంతు చేసి కూడా అడగవచ్చనీ చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, “గంత పెద్ద పనైతే నీకెందుకిచ్చిండ్రు?” అంది. కాని విన్నది.

పైపు పనిచేస్తుందో లేదో నాకు నేను చూసుకోవాలనిపించింది. మర్నాడు ముడిమ్యాల పోయాను. మంచం పక్కనే చిన్న బల్ల, దాని మీద కంపెనీ లాప్‌టాప్. నా ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పగానే ఆమె స్క్రీను మీద మా మొయినాబాద్ ఆఫీసు కంప్యూటర్ తెరుచుకుంది. అదే ఆర్డర్ల పట్టీ, అవే పార్టీల పేర్లు.

“ప్రింటు కొడితే ఏడ వస్తది బిడ్డా?”

“ఆఫీసుల మిషన్ల వస్తది.”

“నేను నమ్మ.”

“ఏం రాయమంటవో చెప్పు మరి.”

“‘ముడిమ్యాల చాయ్‌ల చక్కెర తక్కువైంది’ అని రాయి.”

ఆమె నవ్వి కొట్టింది. మంచం మీది నుంచి వాళ్లమ్మ, “చక్కెర బీమారి మనిషికి గంతే ఏస్తరు,” అంది. నేను ఆటో పట్టుకొని చేవెళ్ల, అక్కడి నుంచి బస్సులో మొయినాబాద్ పోయాను. దారి పొడుగునా ఆ కాగితం నాకంటే ముందు చేరిందా అని ఒకటే ఆలోచన. ఆఫీసులో ప్రింటర్ దగ్గర ఏమీ లేదు. గెలిచాను అనుకుంటుండగా షెడ్డులో పూలు కట్టే ఆమె చెప్పింది. “ఏదో చక్కెర చాయ్ అని వచ్చింది బాపు. పనికిరాంది అనుకొని గులాబీలకు చుట్టిన. బండి ఎల్లిపోయింది.”

నగరంలో ఏ పెళ్లి మంటపం దగ్గరో ఎవరో ఆ గులాబీలు విప్పి నా ఫిర్యాదు చదివి ఉంటారు. మళ్లీ ఇంకో రోజు ప్రింటర్ పక్కనే నిలబడి ఫోన్లో కొట్టమన్నాను. ఎవరూ ముట్టుకోకుండా అది గుర్రుమని లేచి కాగితం బయటికి పెడుతుంటే చాలా గంభీరంగా చూశాను. వెనక్కి ఒక అడుగు వేసిన మాట నిజమే.

పెద్ద ముహూర్తం వచ్చింది. చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో, నగరంలో ఒకే రోజు పెళ్లిళ్లు. షెడ్డు నిండా పూలు. పొద్దున్నే బండ్ల పట్టీలు ప్రింటు రావాలి. అవి వస్తేనే ఏ బకెట్లు ఏ బండిలో ఎక్కించాలో తెలుస్తుంది. ఆలస్యమైతే పూలు ఆగవు, పెళ్లి అసలే ఆగదు. అంత పెద్ద రోజున పైపు ఆ కొస ఎలా ఉంటుందో చూడాలని నాకు మనసు పీకింది. తయారై మొదటి బస్సుకే బయల్దేరాను. ముడిమ్యాల ఇంట్లో చెప్పులు విడుస్తుండగా ఆమె ఎదురొచ్చింది.

“మంచిగొచ్చినవ్ బాపు. పాస్‌వర్డ్ కొట్టిన. నంబర్ చెప్పు.”

జేబు తడుముకున్నాను. రెండో జేబు తడుముకున్నాను. నా ఫోన్ మా ఇంట్లో గోడకు చార్జింగులో వేలాడుతోంది.

ఆమె తన ఫోన్ తెచ్చి నా నంబరుకు కొట్టింది, స్పీకరు పెట్టింది. అంతలో మొయినాబాద్ నుంచి యజమాని కాల్ వచ్చింది.

“పట్టీలు ఏవమ్మా? బండ్లు నిలబడ్డయి!”

“ఒక్క నిమిషం సార్, లైన్ల ఉండుండ్రి, కలుపుతున్న.”

మా ఇంటామె ఫోన్ ఎత్తింది. “ఎవలు?”

“నేనే. గోడకున్న ఫోన్ల ఇప్పుడే ఒక నంబర్ వచ్చింటది. జల్ది చెప్పు.”

“ఏం నంబరు?”

“కంపెనీ నంబరే. చెప్పు.”

“చెప్ప.”

“అదేందే!”

“మా ముసలాయన చెప్పిపోయిండు. ఆయన గొంతుతోని అడిగినా చెప్పొద్దని. టీవీల గూడ చూపెట్టిండ్రు, మిషన్లతోని గొంతులు చేస్తున్నరంట. నువ్వెవనివో నాకేం ఎరుక?”

యజమాని లైనులోంచి బతిమాలాడు. “అవ్వా, నేను, పటేల్‌ను.”

“పటేల్ గొంతు చేసుడు కష్టమా? మీటింగులల్ల మైకుల పెట్టి ఊరంత వినిపిస్తనే ఉంటడు.”

మంచం మీది ముసలామె పొట్ట పట్టుకొని నవ్వుతోంది. ముడిమ్యాల ఆమె నవ్వలేదు. లాప్‌టాప్ వైపే చూస్తోంది. అటు షెడ్డులో డ్రైవర్లు హారన్లు కొట్టడం ఫోన్లో వినిపిస్తోంది. ఆ హారన్లు ఇంకాసేపు మోగితే శంకర్‌పల్లి ఆమె వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది.

“నేనే అని ఎట్ల నమ్ముతవో నువ్వే చెప్పు,” అన్నాను.

మా ఇంటామె కొంచెం ఆలోచించింది. “స్తంభం ముచ్చట చెప్పు.”

ఆ ముచ్చట షెడ్డులో అందరికీ కంఠతా వచ్చు. ఉద్యోగంలో ఉన్నప్పుడు గాలివానలో, ఉరుముల మధ్య స్తంభం ఎక్కి ఒక మంత్రిగారి లైను కలిపిన కథ. మంత్రిగారు తర్వాత నా భుజం తట్టడం కూడా అందులో ఉంది. నేను గడగడా మొదలుపెట్టాను.

“గదైతే ఊల్లె కుక్కలకు గూడ ఎరుకే,” అందామె. “అసలుది చెప్పు. అసలుది నాకు, ఆయనకే ఎరుక.”

లైనులో యజమాని ఉన్నాడు. ఆయన వెనక డ్రైవర్లు, పూలు కట్టేవాళ్లు అందరూ వింటున్నారని నాకు తెలుసు. ముడిమ్యాల ఆమె మొదటిసారి నా వైపు చూసింది. “చెప్పు బాపు,” అంది మెల్లగా.

“నేను ఎక్కలే,” అన్నాను.

“ఆ, ఇంకా?”

“సగం దాక ఎక్కి దిగిన. కాళ్లు వణికినయి. నా తోటి పనాయన ఎక్కిండు. నేను కింద టార్చ్ పట్టుకున్న.”

“ఎవరి లైను?”

“...కోళ్ల ఫారం లైను.”

“మరి భుజమెవరు తట్టిండ్రు?”

“ఎవరు తట్టలే. ఫారమాయన గుడ్లిచ్చిండు, ఇంటికి తెచ్చిన.”

“అండ్ల సగం పగిలే ఉన్నయి,” అంది మా ఇంటామె తృప్తిగా. “ఇగ నువ్వు మా ముసలోనివే. రాసుకోండ్రి.”

ఆమె కళ్లజోడు వెతుక్కొని చదివింది. ఇక్కడ ముడిమ్యాల ఆమె కొట్టింది. ఆ నంబరు టైం అయిపోయిందని స్క్రీను మీద వచ్చింది. మా ఇంటామెతో అంత సేపు వాదించాం మరి. మళ్లీ కొత్త నంబరు అడిగితే, ఈసారి మా ఇంటామె ఫోన్ మోగక ముందే సిద్ధంగా ఉండి, ఒక్కొక్క అంకె బడిపిల్లలకు చెప్పినట్టు గట్టిగా చెప్పింది. తలుపు తెరుచుకుంది. ముడిమ్యాల ఆమె వేళ్లు కదులుతుంటే నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకున్నాను. కాసేపటికి ఫోన్లో ప్రింటర్ గుర్రుమనడం వినిపించింది. ఆ తర్వాత యజమాని గొంతు, మాతో కాదు, షెడ్డులో వాళ్లతో: “ఎక్కియ్యుండ్రి, ఎక్కియ్యుండ్రి!”

బండ్లు కొంచెం ఆలస్యంగా కదిలాయి. కొంచెమే అని నేనంటాను. చాలా అని యజమాని అంటాడు. పూలు మాత్రం పెళ్లికూతుళ్లకంటే ముందే చేరాయి.

మర్నాడు నెట్ ఆయన వచ్చి జరిగింది విని స్టూలు మీదే కూర్చొని నవ్వాడు. “మొత్తం కంపెనీల నేను చెప్పినట్టు చేసింది అవ్వ ఒక్కతే,” అని, నా నంబరు తీసేసి, ఎవరి ఫోన్ నంబరు వాళ్లకు పెట్టాడు. డ్రైవర్ రీచార్జ్ చేయించుకున్నాడు. ముడిమ్యాల ఆమె తన ఫోన్‌కు పిల్లలకు తెలియని తాళం పెట్టుకుంది. పొద్దున్నే నాకు వచ్చే కాల్స్ ఆగిపోయాయి. కొన్నాళ్లు జేబు తేలికగా ఉన్నట్టు అనిపించింది.

కాని యజమాని ఏ మాటా తేల్చలేదు. ఉంచుతాననలేదు, తీసేస్తాననలేదు. ఆలస్యమైంది అంటాడు, తలుపు దొంగలకు తెరుచుకోలేదు కదా అంటే అదీ నిజమే అంటాడు. ముడిమ్యాల నుంచి రోజూ పని జరిగిపోతోంది, రోజూ ఆమె, “సార్ ఏమన్న అన్నడా బాపు?” అని అడుగుతోంది. నేను ఏదో ఒకటి కల్పించి చెప్తున్నాను. నిన్న నిన్ను మెచ్చుకున్నాడు, మొన్న నిన్ను మెచ్చుకున్నాడు అని.

ఒక పొద్దున నేను పోయేసరికి ఆఫీసులో ఆమె టేబుల్, కుర్చీ లేవు. ఆ జాగాలో డ్రైవర్లిద్దరు పూలు పెట్టే పెద్ద ఫ్రిజ్జును జరుపుతున్నారు.

“టేబులేదిరా?”

“షెడ్డెనక పెట్టినం బాపు. సారు చెప్పిండు.”

యజమాని ఫోన్లో మాట్లాడుతూనే నా వైపు తిరిగాడు. “ఆమె ఈడ కూసునేది లేదాయె. ఇంకొకరిని పెట్టేది లేదాయె. గంత జాగ ఊకె ఎందుకు పోవాలె? గులాబీలన్న సల్లగుంటయి.”

నేను బయటికొచ్చి వెంటనే ముడిమ్యాలకు ఫోన్ చేశాను. టేబుల్ తీసేశారు, ఫ్రిజ్జు పెట్టారు, ఇక నీ చోటికి ఎవరూ రారు, నువ్వు ఇంటి నుంచే చేస్తావు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క మాట చేర్చలేదు.

అటు వాళ్లమ్మ ఏమైందే అని అడగడం వినిపించింది.

“బాపు,” అంది చివరికి, “గిది నిజమేనా, రోజు చెప్పినట్టు చెప్తున్నవా?”

“నిజమే బిడ్డా.”

“ఫ్రిజ్జు ఫోటో తీసి పంపు. అప్పుడు మా అమ్మకు చెప్త.”